వాల్తేరు నుంచి మన గుమ్మం దాకా: ఎం.బి.ఎ. ప్రవేశాల కథ

మన పెద్దల్లో బేరసారాలు తెలియనివారు అరుదు. ఏలూరు తివాచీలు, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు, కొల్లేరు చేపల వ్యాపారం: ఇవన్నీ ఏ పరీక్షా రాయకుండా తండ్రి దగ్గర కొడుకు నేర్చుకున్న విద్యలే. ఆ విద్యే డిగ్రీగా మారి మన గుమ్మం దాకా ఎలా వచ్చిందో, మన పిల్లలు ఎక్కడ జారిపోతున్నారో నాలుగు మాటలు చెప్పదలచాము.

1945లో ఏలూరులో సర్ సి. ఆర్. రెడ్డి కళాశాల వెలిసింది. ఎవరి పేరు పెట్టారో ఆ కట్టమంచి రామలింగారెడ్డిగారే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి ఉపాధ్యక్షులు. ఆ విశ్వకళాపరిషత్తు 1957లోనే వాల్తేరులో ఎం.బి.ఎ. ప్రారంభించింది. కలకత్తా, అహ్మదాబాదు ఐ.ఐ.ఎం.లు వచ్చింది 1961లో. అంటే దేశంలో ముందుగా తెరుచుకున్న తలుపుల్లో ఒకటి మన వైపే ఉంది. కానీ రైలెక్కి వాల్తేరు వెళ్లి, హాస్టలు ఖర్చు భరించి చదివించగల ఇళ్లు మనలో ఎన్ని?

1983లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది, ప్రవేశాలకు నియమాలు పెట్టింది. తరువాత ఎం.బి.ఎ., ఎం.సి.ఎ. రెండింటికీ కలిపి ఐసెట్ వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్ర, తెలంగాణలు ఎవరి ఐసెట్ వారు పెట్టుకుంటున్నారు. ఇప్పుడు ఐ.ఐ.ఎం. కూడా 2015 నుంచి విశాఖలోనే ఉంది. దానికి మాత్రం క్యాట్ రాయాలి.

ఐసెట్ మొత్తం 200 మార్కులు. ఎస్.సి., ఎస్.టి. వారికి తప్ప మిగతావారికి 50 రావాలి. అది కొండేమీ కాదు.

మన దూదేకుల సోదరులు ముందునుంచీ బి.సి.-బి లో ఉన్నారు. ముస్లింలలో వెనుకబడిన మరికొన్ని వర్గాలకు 2007 చట్టం బి.సి.-ఇ కింద 4 శాతం ఇచ్చింది. 2010లో హైకోర్టు దాన్ని కొట్టివేయగా, అదే ఏడు సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలిచింది. ఇంత పోరాడి నిలుపుకున్న సీటు ఒక్క కాగితం లేక పోతే ఏమనాలి?

మాకు తెలిసిన కొల్లేరు పల్లె కుర్రవాడొకడు మంచి ర్యాంకే తెచ్చుకున్నాడు. కులధ్రువీకరణ పత్రానికి తిరిగీ తిరిగీ, అది చేతికొచ్చేసరికి సర్టిఫికెట్ల పరిశీలన గడువు దాటింది. "ర్యాంకు వచ్చిందిగా బాబూ, సీటు వాళ్లే ఇస్తారనుకున్నాం" అన్నారు తండ్రిగారు. ఎవరూ ఇవ్వరండీ. ర్యాంకు వచ్చాక ఫీజు కట్టాలి, సర్టిఫికెట్లు చూపించాలి, కాలేజీలను వరుసక్రమంలో ఎంచుకోవాలి, సీటు వచ్చాక వెళ్లి చేరాలి. ఇందులో ఏ మెట్టు తప్పినా పని చెడుతుంది.

కనుక తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లవాడు గానీ, అమ్మాయి గానీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగానే కుల, ఆదాయ పత్రాలు తీయించి ఇంట్లో భద్రపరచండి. దరఖాస్తు తెలిసినవారు తెలియనివారి పక్కన ఒక గంట కూర్చోండి. వెనకటి వారికి వాల్తేరు దూరమైంది. మన పిల్లలకు ఎమ్మార్వో ఆఫీసు దూరం కాకూడదు.