పదకొండు ముడులు

నెగడు దగ్గరికి జరిగి కూకోండర్రా. పుష్యమాసం చలి, కల్లంలో గాలి, పైగా మంచు. ఈ రాత్రి ధాన్యం రాశికి కాపలా మనమే. ఆ తాటిమట్ట ఇటు తొయ్యి, బేగి అంటుకుంటాది.

ఏటన్నావురా ఇందాక? చంటిదాని మొలకి ఆ రాగిగొట్టం ఏటి, ఈ కాలంలో తాయెత్తులేటి అని కదూ? మీ అక్క మొహం చిన్నబుచ్చుకుంది. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నావు, అడగడం నీ హక్కే. కాని ఆ గొట్టం కథ చెప్పాలంటే ఒక్క మతంతో అవదు, ఒక్క ఊరితో అవదు. రాత్రి పొడుగ్గానే ఉంది, వినండి.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు, మధ్యాన్నం అయ్యేసరికి వణుకు. నాలుగు దుప్పట్లు కప్పినా ఆగేది కాదు. నాయనమ్మ ముందు తన వైద్యం చేసింది. గుప్పెడు ఉప్పు, ఏడు ఎండుమిరపకాయలు, చీపురుపుల్లలు నా చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడేసింది. మిరపకాయల కోరు రాలేదు. "సూసినావా, ఎంత దిష్టో! గుంటడికి ఊరు ఊరంతా కళ్ళేసింది" అంది. అంతటితో ఊరుకుందా? నన్ను చంకనేసుకుని సాయిబు తాత దగ్గరికి నడిచింది.

మన ఊళ్ళో తురకలిల్లు ఒక్కటే. ఆయన శుక్రవారం శుక్రవారం సిక్కోలు వెళ్ళి జామియా మసీదులో నమాజు చేసి వచ్చేవాడు. ఆ మసీదు నిన్నా మొన్నా కట్టింది కాదు. గోలకొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడ ఫౌజుదారుగా ఉన్న షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. సాయంకాలం నమాజు అయ్యేవేళకి మసీదుల గుమ్మాల ముందు చంటిపిల్లల్ని ఎత్తుకుని తల్లులు నిలబడి ఉంటారు, మీరూ చూసే ఉంటారు. లోపల్నించి వచ్చేవాళ్ళు పిల్లల మొహాల మీద మెల్లిగా ఊది వెళ్తారు. ఆ తల్లుల్లో బొట్టు పెట్టుకున్నవాళ్ళే ఎక్కువ. విజయనగరం బాబామెట్ట మీద ఖాదర్ వలీ బాబా దర్గాకి వెళ్ళినా అంతే. ఆయన నాగపూరు తాజుద్దీన్ బాబా శిష్యుడని చెప్పుకుంటారు. అక్కడ మొక్కు చెల్లించేవాళ్ళని మీ మతమేటని ఎవరూ అడగరు.

సాయిబు తాత సాంబ్రాణి పొగ వేసి, నెమలీకల కట్టతో తల నుంచి పాదాల దాకా దులిపి, పెదవులు కదిపి, నా మీద ఊదాడు. నల్లదారానికి ముడులు వేస్తుంటే లెక్కపెట్టాను. పదకొండు. "పదకొండే ఎందుకు తాతా?" అన్నాను. ఆయన నవ్వి ఒక కథ చెప్పాడు.

మదీనాలో లబీద్ అనేవాడు మహమ్మద్ ప్రవక్త మీద చేతబడి చేశాడట. ఆయన తల దువ్వుకున్న దువ్వెన, దానికి చిక్కుకున్న వెంట్రుకలు తీసుకుని, ఖర్జూరపు గెల తొడుగులో పెట్టి, ఒక పాతబావిలో దాచాడట. వెంట్రుకలకి పదకొండు ముడులు వేశాడని కొన్ని కథనాలు. ఖురాను చివర రెండు చిన్న సూరాలున్నాయి, ఫలక్, నాస్ అని. ఒకదానిలో అయిదు వాక్యాలు, రెండోదానిలో ఆరు. ఒక్కో వాక్యం చదువుతుంటే ఒక్కో ముడి విడిపోయిందట. ముడుల మీద ఊదేవాళ్ళ కీడు నుంచి కాపాడమనే ప్రార్థన కూడా వాటిలోనే ఉంది. "కీడు కోసం ఊదేవాడూ ఉన్నాడు, మేలు కోసం ఊదేవాడూ ఉన్నాడురా అబ్బీ. ఊపిరి ఒకటే" అన్నాడు. లబీద్‌ని తరవాత ఏం చేశారని అడిగాను. "ఏమీ చెయ్యలేదు. బావి పూడ్పించేశారు, అంతే" అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, తరవాత పని పడుతుంది.

ఇంటికి వస్తుంటే దారిలో పాస్టరుగారు ఎదురయ్యారు. కెనడా బాప్టిస్టు దొరలు 1870లలో ఈ వైపు వచ్చారు కదా, ఆ సంఘం మనిషాయన. నా నుదురు ముట్టుకుని చూసి, రోడ్డు మీదే మోకాళ్ళూని ప్రార్థన చేశారు. నా మెడలో దారం చూశారు గాని, తియ్యమనలేదు. నాయనమ్మ మాత్రం కళ్ళు మూసుకుని చేతులు జోడించి నిలబడింది. ప్రార్థన అయ్యాక ఆయన చెప్పిన మాట నాకు నేటికీ వినిపిస్తుంది. "అమ్మా, దేవుడికి చెప్పాను. ఇంక గుంటడిని ఆసుపత్రికి తీసుకెళ్ళు." వెళ్ళాం. క్వినైను ఇచ్చారు. చేదంటే అలాంటిలాంటి చేదు కాదు. పది రోజుల్లో నేను చెరువులో ఈత కొడుతున్నాను. ఎవరి వల్ల తగ్గిందంటే నాయనమ్మ ఎవరినీ తగ్గించేది కాదు. "అందరూ తలో సెయ్యీ ఏసినారు" అనేది.

తరవాత నేను తెలుగు మేష్టరునయ్యాను. పుస్తకాలు చదివే జబ్బు పట్టింది. అప్పుడు తెలిసింది, సాయిబు తాత దారం, పాస్టరుగారి ప్రార్థన, నాయనమ్మ మిరపకాయలు ఎంత పాత చుట్టాలో.

యూదులనే వాళ్ళున్నారు. ఏసుప్రభువు పుట్టిన జాతి. మన రాష్ట్రంలోనూ గుంటూరు వైపు కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అని తమని తాము ఇశ్రాయేలు సంతతిగా చెప్పుకునే తెలుగువాళ్ళున్నారు. లోకంలో యూదుల ఇంటి గుమ్మానికి కుడివైపు చిన్న గొట్టం బిగిస్తారు, మెజూజా అంటారు. లోపల తోలుకాగితం మీద ధర్మశాస్త్రంలోని మాటలు రాసి చుట్టి పెడతారు. దేవుడి ఆజ్ఞ అది. కాని పూర్వం నుంచీ జనం దాన్ని ఇంటికి కట్టిన రక్షరేకులాగే చూసుకున్నారు. మరి మన మొలకి కట్టే గొట్టం లోపల ఉండేదీ రాసిన మాటే కదా! ఇక్కడి గుమ్మాలు తలుచుకోండి. ఒకచోట బూడిదగుమ్మడికాయ, ఒకచోట 786 అంకె, ఒకచోట సిలువ గుర్తు. 1953లో ప్రభుత్వం మలేరియా కార్యక్రమం పెట్టింది. డీడీటీ కొట్టేవాళ్ళు వచ్చి, మందు కొట్టిన తేదీ గుమ్మం పక్క గోడ మీద రాసి పోయేవారు. నాయనమ్మ ఆ తేదీని చెరిపెయ్యనిచ్చేది కాదు. పండక్కి సున్నం వేసినప్పుడు దాని చుట్టూ వేయించింది. అదీ ఒక యంత్రమే ఆవిడకి. నిజం చెప్పాలంటే, అన్నిటికన్నా బాగా పనిచేసిన యంత్రం.

విశాఖ ఓడరేవు దగ్గర మూడు కొండలు చూశారా? ఒకదాని మీద వెంకన్న గుడి, ఒకదాని మీద మరియమ్మ చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా. సముద్రం మీద పోయేవాడికి మూడూ కావాలి. గాలివాన ముందు ఎవడు మాత్రం ఒక్కరితో సరిపెట్టుకుంటాడు?

సులేమాన్ కథ ఇంకా బాగుంటాది. యూదులకి, క్రైస్తవులకి సొలొమోను రాజు, తురకలకి సులేమాన్ నబీ. దయ్యాలని, జిన్నుల్ని లొంగదీసి పని చేయించుకున్నాడని యూదుల తాల్మూదులోనూ ఉంది, ఖురానులోనూ ఉంది. జిన్నులు కోటలు కడుతుంటే ఆయన చేతికర్ర ఆనుకుని నిలబడి చూసేవాడు. అలా నిలబడే ప్రాణం వదిలేశాడు. జిన్నులకి తెలియలేదు. రాజు చూస్తున్నాడన్న భయంతో చాకిరీ చేస్తూనే ఉన్నాయి. చివరికి పురుగు కర్రని తినేసింది. కర్ర విరిగింది, రాజు పడ్డాడు. అప్పుడు గాని ఆ వెర్రి జిన్నులకి తెలియలేదు, ఇన్నాళ్ళూ భయపడింది శవానికని. మనకి చెదలంటే చిరాకే గాని, ఆ చెదపురుగుకి మాత్రం దణ్ణం పెట్టాలి.

ఇంక చిల్లంగి మాట. నవ్వకండి, ఇది నవ్వే మాట కాదు. బాణామతి అని తెలంగాణాలో అంటారు, మన వైపు చిల్లంగి. ఈ మాట తెలుగు బైబిల్లో ఉంది, తెలుసా? ద్వితీయోపదేశకాండం పద్ధెనిమిదో అధ్యాయంలో సోదెగాళ్ళని, శకునాలు చెప్పేవాళ్ళని, చచ్చినవాళ్ళ దగ్గర విచారణ చేసేవాళ్ళని కూడదన్న వరసలో చిల్లంగివాడూ ఉన్నాడు. 1805లో లండన్ మిషను తరఫున జార్జి క్రాన్, డిగ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వాళ్ళకి తోడయ్యాడు. వాళ్ళు తెలుగు చేసిన సువార్తలు 1812లో సీరాంపూరులో అచ్చయ్యేసరికి దొరలిద్దరూ కన్నుమూశారు. తరవాతివాళ్ళు మిగతా బైబిలు తెలుగులోకి తెచ్చారు. ఎక్కడో ఎడారిలో మోషే చెప్పిన మాటకి మన భయం పేరు అతుక్కుంది. మన పల్లెల్లో ఆ మాట వింటే దీపం తగ్గించేవారు.

ఎందుకంటారా? ఆ మాట ఎవరి మీద పడితే వాళ్ళ బతుకు అయిపోయినట్టే. చిల్లంగి పెడుతున్నారని అనుమానం వస్తే ముందరిపళ్ళు రాలగొట్టేవారు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగా పలకదని నమ్మకం. అంతకన్నా ఘోరాలూ జరిగేవి. అవి పాతకాలం ముచ్చట్లేనని అనుకోకండి. పక్కనున్న ఒడిశాలో మంత్రగత్తెలని జనాన్ని హింసించకుండా 2013లో చట్టం చెయ్యవలసి వచ్చింది.

నా కళ్ళతో చూసింది చెప్తాను. నాకు పదేళ్ళు. ఆ వానాకాలం వాంతులు, విరేచనాలతో మన వీధిలో ముగ్గురు పిల్లలు పోయారు. ఎవరో ఒక పేరు అన్నారు. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలావిడ. పేరెందుకులే. రాత్రి కాగడాలతో బయలుదేరారు, కర్రలు, ఒకడి చేతిలో గొడ్డలి వెనకవైపు తిప్పి పట్టుకుని. పళ్ళ కోసం. నేను నాయనమ్మ కొంగు పట్టుకుని వెనక నడిచాను.

వెళ్ళేసరికి ఆ పాక గుమ్మానికి అటొకరు, ఇటొకరు నిలబడి ఉన్నారు. సాయిబు తాత, పాస్టరుగారు. ఇద్దరూ ఎలా కూడబలుక్కున్నారో నాకు తెలీదు.

"బైబిల్లోనే ఉంది కదయ్యా, చిల్లంగివాళ్ళు ఉండకూడదని. మీరే సెప్పినారు" అన్నాడు గుంపులో ఒకడు. పాస్టరుగారి మొహం ఒక్కక్షణం వాడిపోయింది. తరవాత అన్నారు: "ఉంది. సౌలు రాజు కూడా అలాంటివాళ్ళని దేశం నుంచి తరిమేశాడు. యుద్ధంలో భయం పట్టుకునేసరికి మారువేషం వేసుకుని, రాత్రిపూట, ఏన్దోరులో ఒక సోదె ఆడమనిషి గుమ్మం తొక్కాడు. చచ్చిపోయిన సమూయేలుని పిలిపించుకున్నాడు. చెడ్డకబురు విని నేలకూలాడు. అప్పుడు ఆవిడ ఏంచేసిందో తెలుసా? ఇంట్లో ఉన్న కొవ్విన దూడని కోసి, రొట్టెలు కాల్చి, తనని తరిమిన రాజుకి అన్నం పెట్టింది. అదీ అదే పుస్తకంలో ఉంది."

సాయిబు తాత ఎక్కువ మాట్లాడలేదు. "ప్రవక్త మీద చేతబడి జరిగితేనే మనిషిని ముట్టలేదు, బావిని పూడ్చారు. మీరూ వెళ్ళి బావి చూసుకోండి" అన్నాడు.

గుంపు కదల్లేదు. అప్పుడు నాయనమ్మ ముందుకి వెళ్ళింది. నన్ను రెక్క పట్టుకుని లాగి, చొక్కా పైకెత్తి, దీపం వెలుగులో నా బొడ్డు చూపించింది.

"ఈ ముడి ఎవలేసినారు? సెప్పండి. నీ బొడ్డుకి ఎవలేసినారు? నీ కొడుక్కి? ఈ ఊళ్ళో మొగోళ్ళందరూ సొక్కాలెత్తండి, సూద్దారి!"

ఒక్కడూ మాట్లాడలేదు. ఆ ముసలావిడ ఊరి మంత్రసాని. నలభయ్యేళ్ళుగా బొడ్డుకోసి ముడివేసి తల్లి పక్కన పడుకోబెట్టింది ఆవిడే. మన తెలుగు చూడండి, పురుడు పోసే మనిషి పేరులోనే మంత్రం పెట్టుకుంది. పిల్ల బతికితే మంత్రసాని, పిల్ల పోతే చిల్లంగి.

గొడ్డలి పట్టుకున్నవాడు ముందు వెనుదిరిగాడు. మూడోరోజు శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి బావిలో బ్లీచింగు కలిపించాడు. ఆ వీధిలో మరో పిల్ల పోలేదు.

ఆవిడ ఊరు వదిలి వెళ్ళలేదు. మరో పదేళ్ళు పురుళ్ళు పోసింది. కాని రాత్రిపూట ఎవరైనా తలుపు కొడితే వెంటనే తీసేది కాదు. పేరు చెప్పించుకుని, గొంతు గుర్తుపట్టి, అప్పుడు తీసేది. అంతవరకూ తలుపు వెనక నిలబడి ఏం అనుకునేదో.

కాబట్టిరా, మీ అక్క కట్టిన తాయెత్తుని నేనేం అనను. తల్లి భయపడుతుంది, ఎవరో పెద్దమనిషి భయపడకమ్మా అని ఒక దారం ఇస్తాడు. టీకా వేయించింది, డాక్టరుకి చూపించింది, పైన ఇదొకటి. పరవాలేదు. తాయెత్తుతో ఆగితే ముచ్చటే. ఆ దిష్టి ఫలానావాళ్ళదే అని వేలు చూపిస్తే మాత్రం, ఆ వేలిని అక్కడే పట్టుకోండి. మూడు పుస్తకాలూ, మిరపకాయలూ, ఏవీ ఆ వేలికి అడ్డు రావు. అడ్డం నిలబడ్డానికి మనుషులు కావాలి.

అమ్మలూ, పిల్లని ఇలా ఇయ్యి. చలికి ఎలా ముడుచుకుందో చూడు. ఆ దుప్పటి కూడా అందుకో. ఒరే, మరో మట్ట ఎయ్యండి, మంట తగ్గిపోతోంది.