సానుభూతి ఎవరి సొత్తు?

ఇరవై ఏళ్ళుగా బడిపంతులు ఉద్యోగం చేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. కనక 'బ్రేకింగ్ బ్యాడ్' అనే అమెరికన్ టెలివిజన్ ధారావాహిక చూడటం మొదలుపెట్టిన మొదటి గంటలోనే నా మనస్సు దాని నాయకుడి పక్షాన చేరిపోయిందంటే ఆశ్చర్యం లేదు. వాల్టర్ వైట్ కెమిస్ట్రీ మాష్టారు. యాభై ఏళ్ళవాడు. జీతం చాలక, బడి అయ్యాక కార్లు కడిగే చోట పనిచేస్తాడు. ఒకనాడు తన విద్యార్థి కారు చక్రాలే తుడవవలసివస్తుంది. ఆ తర్వాత ఊపిరితిత్తుల కేన్సర్ బయటపడుతుంది. కుటుంబానికి ఏమైనా మిగల్చాలని రహస్యంగా మత్తుమందు తయారీకి దిగుతాడు. ఈ పరిస్థితిని ఏ ఉపాధ్యాయుడు అర్థం చేసుకోడు?

ఆ సానుభూతి తప్పని ఇప్పటికీ అనను. కాని కొన్ని భాగాలు గడిచేసరికి అతని భార్య స్కైలర్ తెర మీదికి వచ్చినప్పుడల్లా నాకు విసుగు పుట్టసాగింది. ఆమె చేసిన నేరమేమిటి? గర్భిణి అయిన ఆమె, భర్త రాత్రిళ్ళు ఎక్కడికి పోతున్నాడని అడిగింది. అబద్ధం చెబుతున్నాడని గ్రహించింది. నిజం అడిగిన మనిషి మీద విసుగు, అబద్ధం చెప్పిన మనిషి మీద జాలి! ఈ వైపరీత్యం నాలో ఎలా పుట్టిందన్న ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

దీనికొక చరిత్ర ఉంది. 1971లో అమెరికాలో 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' అనే హాస్య ధారావాహిక ప్రారంభమయింది. అందులో ఆర్చీ బంకర్ శ్రామికుడు, జాత్యహంకారి, భార్యను నోరెత్తనివ్వని ఇంటి యజమాని. రూపకర్త నార్మన్ లియర్ ఈ అహంకారాన్ని పరిహసించడానికే ఆ పాత్రను సృష్టించాడు. కాని 1974లో విడ్మర్, రోకీచ్ అనే పరిశోధకులు ప్రేక్షకులను ప్రశ్నించి చూస్తే వేరే సంగతి తేలింది. జాతిద్వేషం బలంగా ఉన్నవాళ్ళు ఆ పరిహాసాన్ని పరిహాసంగా తీసుకోలేదు. ఆర్చీని తమవాడుగానే మెచ్చుకున్నారు. రచయిత ఉద్దేశమూ ప్రేక్షకుడి గ్రహింపూ ఒకటి కానక్కరలేదని ఆనాడే రుజువయింది.

అయినా ఆర్చీ హంతకుడు కాడు. హంతకుడు నాయకుడయింది 1999లో, 'ది సొప్రానోస్'తో. దాన్ని ప్రసారం చేసిన హెచ్‌బీఓ ప్రకటనల మీద కాక చందాదారుల మీద బతికే సంస్థ. సబ్బుల కంపెనీలకు నచ్చే మంచివాడు దానికి అక్కరలేదు. మాఫియా నాయకుడు టోనీ సొప్రానో మానసిక వైద్యురాలి ముందు కూర్చుని తన బాధ చెప్పుకున్నాడు. ఆ బాధలో ప్రేక్షకుడు తన్ను తాను చూసుకున్నాడు. 2007లో 'మ్యాడ్ మెన్', 2008 జనవరిలో 'బ్రేకింగ్ బ్యాడ్' వచ్చాయి. ఉదాత్త గుణాలు లేకపోయినా కథకు కేంద్రమైన ఇటువంటివాణ్ణే యాంటీ హీరో అంటున్నాం. ఈ నాయకుల వెనక భార్యలున్నారు: కార్మెలా సొప్రానో, బెట్టీ డ్రేపర్, స్కైలర్ వైట్. ముగ్గురికీ ప్రేక్షకుల నుంచి ద్వేషమే దక్కింది.

స్కైలర్ పాత్ర ధరించిన ఆనా గన్ 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఒక వ్యాసం రాసింది. పాత్ర మీది ద్వేషం తన మీదికి మళ్ళిందనీ, ఆమె ఎక్కడ దొరుకుతుందో చెబితే చంపుతామన్న ధోరణిలో కూడా రాశారనీ చెప్పింది. దీనికి మూలం భార్య అంటే ఇలా ఉండాలి అన్న సమాజపు నమ్మకాల్లో ఉందని ఆమె నిర్ధారణ. ఆ తర్వాతి నెలలోనే ఆ పాత్రకు ఎమ్మీ పురస్కారం అందుకుంది. మరుసటేడు మళ్ళీ అందుకుంది. నటనలో లోపం వల్ల పుట్టిన ద్వేషం కాదన్నమాట.

ఇక్కడ కొందరు శిల్పపరమైన సమాధానం చెబుతారు. కథ ఎవరి కోరిక వెంట నడుస్తుందో మనమూ వాడి వెంటే నడుస్తాం, అడ్డొచ్చినవాళ్ళు ఎవరైనా చేదవుతారు అంటారు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం కూడా దీనికి కొంత తోడ్పడుతుంది. ఇందులో నిజం లేకపోలేదు. కాని ఇదే పూర్తి నిజమైతే హాంక్ సంగతేమిటి? హాంక్ మత్తుమందుల నిరోధక శాఖ అధికారి, వాల్టర్‌కు తోడల్లుడు. నాయకుడికి అసలైన అడ్డంకి అతనే. వాల్టర్‌ను జైలుకు పంపటమే అతని లక్ష్యమవుతుంది. అయినా స్కైలర్‌కు ఎదురయిన ద్వేషం అతనికి ఎదురుకాలేదు. పైగా ప్రేక్షకులు అతని పట్టుదలను మెచ్చుకున్నారు. అడ్డుపడిన మగవాడు సమఉజ్జీ, అడ్డుపడిన భార్య గయ్యాళి! ఈ తేడా శిల్పం నుంచి వచ్చింది కాదు. చూసేవాడి ఇంటి నుంచి వచ్చింది.

వాల్టర్ చేతిలో ఒక బలమైన మాట ఉంది: కుటుంబం కోసం. కాని కథ ఆ మాటను మొదటినుంచీ అనుమానించింది. పాత స్నేహితులు వైద్యం ఖర్చు భరిస్తామంటే మొదటి సీజన్‌లోనే అతను కాదన్నాడు. రెండో సీజన్‌లో కళ్ళ ముందు ఒక యువతి ఊపిరాడక చనిపోతుంటే చూస్తూ ఊరుకున్నాడు. నాలుగో సీజన్‌లో ఒక పసివాడికి విషం పెట్టించాడు. 2010లో వచ్చిన మూడో సీజన్‌లో స్కైలర్ అతణ్ణి ఇంట్లోంచి పంపెయ్యమని పోలీసులను పిలిస్తే, అది చట్టప్రకారం అతని ఇల్లేనని వాళ్ళు చేతులెత్తేశారు. తర్వాత ఆమె కూడా ఆ డబ్బుకు లెక్కలు కట్టింది. ఆమె నిర్దోషి అని నేను అనను. కాని 2012లో ఒక భాగంలో ఆమె బట్టలతోనే ఈతకొలనులోకి నడిచి, పిల్లల్ని ఆ ఇంటికి దూరంగా పంపించాలని పట్టుబట్టింది. భర్తకు కేన్సర్ తిరిగి రావటం కోసమే ఎదురుచూస్తున్నానంది. ఒక స్త్రీ నిస్సహాయతను ఇంతకంటె నగ్నంగా చూపటం కష్టం. చివరకు 2013 సెప్టెంబరు 29న ప్రసారమైన ఆఖరి భాగంలో వాల్టర్, ఇదంతా తన కోసమే చేశానని ఆమెతో ఒప్పుకున్నాడు. అతను ఒప్పుకున్న నిజాన్ని అతని అభిమానుల్లో ఎందరో ఇంకా ఒప్పుకోలేదు.

మనబోటి అభ్యుదయవాదులు తడబడే చోటు ఇదే. చాలీచాలని జీతం, భరించలేని వైద్యం ఖర్చు పెట్టుబడిదారీ వ్యవస్థ చేసిన గాయాలు. ఆ గాయం నిజమే కనక మనం వాల్టర్ పక్షం వహిస్తాం. కాని అతని తిరుగుబాటు వ్యవస్థ మీద కాదు. అతను దానిలో మరో పెట్టుబడిదారు అయ్యాడు, ఇంట్లో యజమాని అయ్యాడు. వర్గపరమైన మన సానుభూతిని గృహాధిపత్యం దొంగిలించింది. నేను దొంగిలించనిచ్చాను.

ఈ జబ్బు అమెరికావాళ్ళదేనని తృప్తిపడనక్కరలేదు. మా తరగతిలో 'కన్యాశుల్కం' పాఠం చెబితే కుర్రాళ్ళు వారం రోజులు గిరీశంలా ఇంగ్లీషు దంచుతారు. బుచ్చమ్మ గతి ఏమయిందని ఎవరూ అడగరు. నిజానికి చివర ఆమెను వితంతు శరణాలయానికి పంపి, గిరీశానికి ఓటమి రాసిపెట్టాడు గురజాడ. రచయిత తన పని తాను చేశాడు. 'బ్రేకింగ్ బ్యాడ్' రూపకర్త విన్స్ గిలిగన్ కూడా స్కైలర్ మీది ద్వేషాన్ని స్త్రీద్వేషమనే అన్నాడు. రచయిత ముగించిన చోట విమర్శకుడి పని, ఉపాధ్యాయుడి పని మొదలవుతుంది.

ఈ ఏడు గిరీశం పాఠం అయిపోయాక పిల్లలకు ఒక పని ఇచ్చాను: అదే కథను బుచ్చమ్మ చెబుతున్నట్టు ఒక పేజీ రాయమన్నాను. సగంమందికి పైగా రెండు పంక్తులు రాసి ఆగిపోయారు. ఆ ఖాళీ పేజీలు నా దగ్గర ఉంచుకున్నాను. వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు. స్కైలర్ వైపు నుంచి ఆ ధారావాహికను రెండోసారి చూసేదాకా నా పేజీ కూడా ఖాళీదే.