రెంటచింతల ఎండ

మే నెల వస్తే రేడియోలో, పత్రికల్లో మా ఊరి పేరు ముందుంటుంది. వాతావరణ కేంద్రం ఇక్కడ ఉండబట్టి ఆ డిగ్రీలు లోకానికి తెలుస్తాయి. పక్కనున్న మాచర్ల, దుర్గి, కారంపూడి ఊళ్లూ ఇదే ఎండకు మాడతాయి.

సముద్రపు గాలి బాపట్ల, గుంటూరు దాటి ఇంత లోపలికి రాదు. పడమటి వడగాలి మాత్రం నేరుగా తగులుతుంది. కాస్త తవ్వితే నాపరాయి. పగలంతా కాగిన బండ పొద్దుగూకినా చల్లారదు. కవి శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువుల్లో మా పల్నాడంటే రాళ్లు, జొన్నకూడు. ఇక్కడి తిండి ఆయనకు సయించినట్టు లేదు. అయినా 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు, నాగమ్మల పక్షాలు కారంపూడిలో తలపడిన కథకు పల్నాటి వీరచరిత్రగా రూపమిచ్చింది ఆయనే. కార్తీక మాసంలో అక్కడ వీరుల ఉత్సవాలు నేటికీ జరుగుతాయి.

వాన నమ్మకంలేని మెట్టలో గొడ్డూగోదే ఆధారం. అందుకే అడవిలో మేపుకు పుల్లరి కట్టమన్నప్పుడు పల్నాడు ఎదురుతిరిగింది. మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తుపాకులకు బలయ్యాడు. మా పిల్లలకు ఎండ డిగ్రీల కంటే ముందు ఈ పేరు తెలియాలి.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక పల్నాటి జొన్నచేలు చాలావరకు పత్తికి, మిరపకు మారాయి. మిరపకు ఎండ మేలే చేసింది. కళ్లంలో పరిచిన కాయ గలగలా ఎండితేనే గుంటూరు యార్డులో ధర.

వాతావరణంతో పేరుపడిన ఊరు మాదొక్కటే కాదు. దక్షిణాఫ్రికాలో సదర్లాండ్ అనే మారుమూల ఊరు చలికి పేరుపడింది. అక్కడి పొడిగాలి, చీకటి ఆకాశం చూసి కొండమీద పెద్ద టెలిస్కోపు కట్టి 2005లో ప్రారంభించారు. ఆ గాలి, ఆ ఆకాశం ఆ ఊరికి శాస్త్రవేత్తలను తెచ్చాయి. మా ఎండకు ఇంకా వార్తే దక్కింది.

పత్రికలో వచ్చే డిగ్రీలు చెక్కపెట్టెలో, నీడలో, నేలకు నాలుగడుగుల ఎత్తున కొలిచినవి. కళ్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్లకు ఆ నీడ లేదు. 2003లో, 2015లో వడదెబ్బకు ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిసారీ వెయ్యిమందికి పైగా పోయారు. రైతు సోదరులారా, కళ్లం పక్కన తాటాకు పందిరి వేయండి, కుండనీళ్లు పెట్టండి. పదకొండు దాటితే పని ఆపండి, కూలి మాత్రం కోయకండి.