గుర్రమ్మీద వలస వచ్చిన రాజుగారు

మిల్టన్‌లో పొద్దున్నే గో రైలెక్కి టొరాంటో వెళ్ళి, సాయంత్రం మళ్ళీ అదే రైల్లో కునికిపాట్లు పడుతూ ఇల్లు చేరడం మా ఊళ్ళో సగం మంది కన్సల్టెంట్ల దినచర్య. ఆ మధ్య ఆర్నెల్లు క్వీన్స్ పార్కు దగ్గర పని దొరికింది. మధ్యాహ్నం పులిహోర డబ్బా పట్టుకుని పార్కులో బెంచీ మీద కూర్చునేవాణ్ణి. ఎదురుగా గుర్రమ్మీద ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి. రెండు నెలలు ఆయన్ని చూస్తూ తిన్నాను గానీ, ఎవరా అని పట్టించుకోలేదు. తీరా ఆయన కథ చదివితే, ఆయనా నాలాగే ఇండియా నుంచి వచ్చినవాడే!

థామస్ బ్రాక్ అనే శిల్పి చేసిన ఈ కంచు విగ్రహాన్ని 1922లో ఢిల్లీలో, ఎర్రకోటకీ జామా మసీదుకీ మధ్యనున్న తోటలో నిలిపారు. స్వాతంత్ర్యం వచ్చాక తీసేశారు. టొరాంటో పౌరులు కొందరు చందాలు వేసుకుని తెప్పించి 1969లో ఇక్కడ పెట్టారు. ఢిల్లీలో ఆ చోట ఇప్పుడు నేతాజీ ఉన్నారు. తమాషా ఏమిటంటే, 1860 సెప్టెంబరులో ఈ పార్కుని వాళ్ళమ్మ విక్టోరియా పేరు మీద ప్రారంభించింది పద్దెనిమిదేళ్ళ యువరాజుగా ఈ ఎడ్వర్డే. ఢిల్లీ మీదుగా తిరిగి రావడానికి 109 ఏళ్ళు పట్టింది. మన గ్రీన్ కార్డు క్యూలు నయం!

పంతొమ్మిదో శతాబ్దంలో పట్నాలు పెరిగి, జనానికి గాలి వెలుతురు కావాలని ఊరూరా తోటలు వేశారు. షికారుకొచ్చిన వాళ్ళకి ఎవర్ని గౌరవించాలో కూడా పనిలో పనిగా నేర్పాలనుకున్నారు. ఈ పార్కు చుట్టుపక్కలే చూడండి. 1866లో రిడ్జ్‌వే పోరులో చనిపోయిన వాలంటీర్ల స్మారకం 1870 నాటిది. పత్రికాధిపతి జార్జ్ బ్రౌన్ 1884లో వచ్చాడు. మొదటి ప్రధాని జాన్ మెక్‌డొనాల్డ్ 1894లో.

ఇది మనకి కొత్త కాదు. మద్రాసులో 1839లో నిలిపిన మన్రో దొర విగ్రహం ఉంది. చాంట్రీ చెక్కిన ఆ గుర్రానికి రికాబులు లేవు. అనంతపురంలో మా జేజినాయన మన్రో పేరు చెప్తే చేతులు జోడించేవాడు. 1800 నుంచి ఏడేళ్ళు మా సీమని ఏలిన కలెక్టరు, 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. రైతులు పిల్లలకి ఆయన పేరు పెట్టుకున్నారు. కానీ ఆయన అణిచేసిన పాలెగాళ్ళ ఇళ్ళలో ఆ పేరు ఎవరు పెట్టుకుని ఉంటారు? జేజినాయనని నేనెప్పుడూ అడగలేదు.

ఆ ప్రశ్న మా అమ్మాయి నన్ను అడిగింది. 2020 జూలైలో మెక్‌డొనాల్డ్ మీద గులాబీరంగు పోశారు. తర్వాత ఆ విగ్రహాన్ని చెక్కపెట్టెలో మూసేశారు. ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసిన బడులు విస్తరించింది, 1885లో చైనా వలసదారుల మీద తలకి యాభై డాలర్ల పన్ను వేసింది ఆయన ప్రభుత్వమే. 2021 జూన్‌లో, దగ్గర్లోనే 1889 నాటి రైర్సన్ విగ్రహాన్ని జనం పడగొట్టారు.

"నాన్నా, పెట్టెలో ఉన్నాయన మంచివాడా, చెడ్డవాడా?" అంది.

ఆ దేశాన్ని కట్టినవాడు అన్నాను. "ఎవరి కోసం?" అంది.

నోట మాట రాలేదు. పౌరసత్వం తీసుకున్నరోజు చెయ్యెత్తి ప్రమాణం చేసింది ఎడ్వర్డు ముని మనవరాలికే. ఆ పన్ను ఇంకా ఉండి, మన తలల మీదా పడి ఉంటే, చెయ్యెత్తడానికి నేనిక్కడ ఉండేవాణ్ణే కాదేమో.

2025 జూన్‌లో పెట్టె తీసేశారు. ఆ వారాంతం అమ్మాయిని తీసుకెళ్ళాను. మెక్‌డొనాల్డ్ ఎండలో మామూలుగానే నిలబడి ఉన్నాడు. కాసేపు చూసి, "ఆ పిల్లలకి కూడా ఇక్కడ ఒక బొమ్మ ఉండాలి నాన్నా" అంది. జేజినాయన ఉంటే, పాలెగాళ్ళ గురించి ఈసారి అడిగేవాణ్ణి.