మాంటీ హాల్ సమస్య

మాంటీ హాల్ సమస్య సంభావ్యతా శాస్త్రంలో పేరుపడ్డ చిక్కు లెక్క. మూసిన తలుపులు మూడు. ఒకదాని వెనక కారు, తక్కిన రెండింటి వెనక మేకలు. పోటీదారు ఒక తలుపు కోరుకుంటాడు. కారు ఎక్కడుందో తెలిసిన నిర్వాహకుడు మిగతా రెండింట్లో మేక ఉన్న తలుపు తెరిచి చూపి, కావాలంటే మార్చుకోమంటాడు. మిగిలినవి రెండే కనుక అవకాశం చెరిసగమని చాలామందికి తోస్తుంది. అది తప్పు. మార్చుకుంటే కారు దక్కే సంభావ్యత 2/3, మార్చుకోకపోతే 1/3.

పోటీదారు మొదటి తలుపు కోరాడనుకుందాం. కారు అక్కడే ఉంటే మార్చుకున్నవాడు నష్టపోతాడు. కారు రెండో తలుపు వెనక ఉంటే నిర్వాహకుడు మూడోదే తెరవాలి, మూడో దాని వెనక ఉంటే రెండోదే తెరవాలి. ఈ రెండు సందర్భాల్లోనూ మార్చుకున్నవాడిదే గెలుపు. మేకను చూపి తీరాలన్న ఆ నిర్బంధమే సమస్యకు ఆయువుపట్టు. దాన్ని విడమరిచి చెప్పకపోవడం కూడా తర్వాత వచ్చిన తగాదాలకు ఒక కారణం.

ఈ తరహా లెక్కలు పాతవే. ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ బెర్ట్రాండ్ 1889 నాటి తన గ్రంథంలో బంగారు, వెండి నాణేలున్న మూడు పెట్టెలతో ఇలాంటి చిక్కే చూపాడు. 1959 అక్టోబరులో రచయిత మార్టిన్ గార్డ్‌నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ముగ్గురు ఖైదీల కథగా మరో రూపం రాశాడు.

ఇప్పటి పేరు పెట్టినవాడు బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవ్ సెల్విన్. 1963లో మొదలైన ‘లెట్స్ మేక్ ఎ డీల్’ అనే అమెరికా టీవీ ఆటను, దాని నిర్వాహకుడు మాంటీ హాల్‌ను తలచుకుంటూ, 1975 ఫిబ్రవరిలో ది అమెరికన్ స్టాటిస్టీషియన్ పత్రికకు ఉత్తరం రాశాడు. ఆక్షేపణలు రాగా ఆగస్టులో రెండో ఉత్తరంతో బదులిచ్చాడు. అసలు టీవీ ఆటలో అలా మార్చుకోనివ్వమని హాల్ స్వయంగా సెల్విన్‌కు రాశాడు.

సామాన్య పాఠకుల దాకా రావడానికి మరో 15 ఏళ్లు పట్టింది. 1990 సెప్టెంబరులో పరేడ్ పత్రికలో ఒక పాఠకుడి ప్రశ్నకు శీర్షికా రచయిత్రి మెరిలిన్ వోస్ సావంట్ ‘మార్చుకోండి’ అని జవాబిచ్చింది. దాదాపు 10,000 ఉత్తరాలు వచ్చాయి. వాటిలో సుమారు 1,000 పీహెచ్‌డీలు ఉన్నవారివి, ఎక్కువమంది ఆమెదే తప్పన్నారు. కొందరి మాటల్లో మర్యాద కూడా లేదు. ఆమె వెనక్కు తగ్గలేదు. మూడు కాగితపు కప్పులు, ఒక నాణెం పెట్టుకుని మార్చుకుంటూ 200 సార్లు, మార్చుకోకుండా 200 సార్లు ఆడి చూడమని బడిపిల్లలను కోరింది. ఆడి చూసిన తరగతుల లెక్కలు ఆమె మాటనే నిలబెట్టాయి. పండితులను పిల్లల ప్రయోగం సరిదిద్దిన ఈ ఘట్టం గణిత చరిత్రలో అరుదైనది.

1991 జులైలో న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో దీనిపై కథనం వచ్చింది. అందులో మాంటీ హాలే అసలు మెలిక చెప్పాడు: నిర్వాహకుడు తలుపు తెరిచి తీరాలన్న నియమం లేకపోతే, పోటీదారు కారునే కోరినప్పుడు మాత్రమే మార్చుకోమని ఆశ చూపవచ్చు. అప్పుడు మార్చుకున్నవాడు ప్రతిసారీ ఓడతాడు. అదే ఏడు మోర్గన్, చాగంటి, దహియా, డోవియాక్ రాసిన పరిశోధనా వ్యాసం మరికొంత లోతుకు వెళ్లింది. పోటీదారు కోరని రెండు తలుపుల వెనకా మేకలే ఉన్నప్పుడు నిర్వాహకుడికి వాటిలో ఒకదానిపై మొగ్గు ఉంటే, ఏ తలుపు తెరిచాడన్నదాన్ని బట్టి మార్చుకున్నవాడి సంభావ్యత 1/2 నుంచి 1 దాకా మారుతుంది. సగం కంటే మాత్రం ఎన్నడూ తగ్గదు.

మహా గణితవేత్త పాల్ ఎర్డోష్ కూడా మొదట ఈ జవాబు నమ్మలేదు. మిత్రుడు వాజొన్యి కంప్యూటరుతో పదేపదే ఆడించి చూపాక ఫలితాన్ని ఒప్పుకున్నాడు గానీ, ఎందుకలా అవుతుందో తేలనందుకు అసంతృప్తి పడ్డాడు. ఆ కారణాన్ని తర్వాత గణితవేత్త రాన్ గ్రహామ్ ఆయనకు విడమరిచి చెప్పాడు.