ఉప్పుకు పన్ను, పొగకు లేదు

మా బడా బజార్‌లో కిరాణా కొట్ల ముందు ఉప్పు బస్తాలు వీధిలోనే పడి ఉంటాయి. రాత్రిపూట కూడా లోపల పెట్టరు. దొంగకు కూడా అక్కరలేని సరుకది. ఆ ఉప్పుకే ఒకప్పుడు సర్కారు జవాన్లు కాపలా కాసేవారు. మాంసం, చేప నిలవచేసే పద్ధతుల గురించి చదువుతుంటే ఈ సంగతే నాకు మాటిమాటికీ ఎదురవుతోంది.

మా అల్లుడు టెక్సాస్‌లో ఆదివారాలు మాంసానికి పొగబెడతాడు. మూతగల గుండ్రటి బొగ్గుల పొయ్యి. నిప్పులు ఒక పక్కకు, పెద్ద మాంసపు తునక రెండో పక్కకు. కిందా పైనా ఉన్న గాలి కంతలను ఇంచుమించు మూసి, వేడిని 110 డిగ్రీల దగ్గర నిలిపితే, గట్టి కండలోని పీచు పది పన్నెండు గంటల్లో కరిగి జిగురవుతుంది. నేను మూత ఎత్తబోతే, "మావయ్యగారూ, మీరు చూసినకొద్దీ భోజనం ఆలస్యం" అన్నాడు. ఈ పొయ్యిని 1952లో చికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ లోహపు కర్మాగారంలో పనిచేసే జార్జ్ స్టీఫెన్, నీటిమీద తేలే ఇనుప బోయాను రెండుగా కోసి తయారుచేశాడు. బార్బెక్యూ అనే పేరు మాత్రం పాతది. కరీబియన్ దీవుల ఆదివాసులు నిప్పుకు పైన ఎత్తుగా కట్టుకునే కర్రల మంచె పేరును స్పెయిన్‌వారు 'బార్బకోవా' అని రాసుకున్నారు. దాని నుంచి వచ్చిందే ఈ మాట.

ఆ మంచె కోసం అంత దూరం పోనక్కరలేదు. పర్లాకిమిడి పైని కొండలు 1992 దాకా మా గంజాం జిల్లావే, ఇప్పుడు గజపతి జిల్లావి. అక్కడి సవరలు పొయ్యికి పైన వెదురు తడక కట్టి దానిమీద మాంసం ఆరబెట్టుకునేవారు. వంటపొగే దాన్ని నిలవచేసేది. (ఆ సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి చేరారు. మన పాఠకులకు ఆ సంగతి నేను చెప్పాలా!)

మరి తీరంలో పొగ ఎందుకు నిలవలేదు? పొగకు కట్టె కావాలి, దగ్గర మనిషి కావాలి. గోపాల్‌పూర్ ఇసుక మీద ఎండ ఊరికే వస్తుంది. ఒడియావారు నోళియాలనే మన తెలుగు జాలరులు నెత్తళ్ళను ఇసుకలో పోస్తే రెండు మూడు రోజులకు గలగలమంటాయి. వంజరం వంటి కండచేపకు అది చాలదు. చీల్చి ఉప్పు పట్టించాలి. ఇక్కడే సర్కారు చెయ్యి అడ్డుపడేది.

మద్రాసు ప్రభుత్వం 1805లో ఉప్పును తన గుత్తాధిపత్యం చేసుకుంది. గంజాం 1936 దాకా ఆ ప్రెసిడెన్సీలోదే. 1888లో పన్ను మణుగుకు రెండున్నర రూపాయలు చేశారు. మణుగంటే మన చిన్న మణుగు కాదు, సుమారు 37 కిలోల పెద్ద మణుగు, 40 సేర్లు. రెండున్నర రూపాయలంటే 40 అణాలు. అంటే సేరుకు సరిగ్గా అణా! నాలుగు పాళ్ళ చేపకు ఒక పాలు ఉప్పు వేసుకున్నా, మణుగు చేపకు పది అణాలు పన్నే. ఉప్పు ధర వేరు.

ఈ రేటు రాకముందే, 1873లో, ఫ్రాన్సిస్ డే అనే చేపల శాస్త్రజ్ఞుడు సముద్రపు చేపల మీద సర్కారుకు నివేదిక ఇచ్చాడు. ఉప్పు కొనలేని జాలరులు చవిటిమన్ను పులుముతున్నారని, చేప కుళ్ళిపోతోందని అందులో కనిపిస్తుంది. తరువాతి ఏళ్ళల్లో తీరాన చేపలకు ఉప్పు పట్టించే యార్డులు వెలిశాయి. అక్కడ పన్ను లేని ఉప్పు ఇస్తారు, కాని ఆ ఆవరణలోనే వాడాలి. తూకం, పద్దు, తనిఖీ. ముప్పై ఏళ్ళు అప్పుల ఫైళ్ళు చూసిన నాకు ఈ పద్ధతి కొత్త కాదు. రాయితీ ఇవ్వడం ఒక గుమాస్తా పని, అది పక్కదారి పట్టకుండా చూడడానికి నలుగురు కావాలి.

కొండకు ఉప్పు బ్రింజారీల ఎడ్ల మీద పోయేది. దూరం పెరిగినకొద్దీ ధర పెరిగేది. కూరలోకే పొదుపుగా వాడే ఉప్పును మాంసానికి దట్టంగా ఎవరు పట్టిస్తారు? సవరలు పొగను రుచికోసం ఎంచుకున్నారని నేననుకోను. పొగను తూచే కాటా ఏ కొఠారులోనూ లేదు, అంతే. టెక్సాస్‌లో అదే పొగకోసం పనిగట్టుకుని కట్టెముక్కలు కొని తెచ్చి నిప్పులమీద వేస్తున్నారు.

ఉప్పుపన్ను 1903 నుంచి మెట్లుమెట్లుగా దిగి 1907లో మణుగుకు రూపాయి అయింది. తరువాత మళ్ళీ ఎక్కుతూ దిగుతూ వచ్చి, 1947లో రద్దయింది. అప్పటికి గంజాం మద్రాసును వదిలి పదకొండేళ్ళు.