ఎముకల మూలుగ — సుబ్బారావు పరిశోధన

మాంసపు దుకాణంలో చీల్చిన ఎముక లోపల కనిపించే మెత్తని పదార్థాన్ని మనవారు మూలుగ అంటారు. శాస్త్రజ్ఞులు అస్థిమజ్జ అంటారు. ఇది చేసే పని చాలాకాలం స్పష్టపడలేదు. 1868లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ నాయ్‌మన్, రక్తకణాలు పుట్టే చోటు ఇదేనని ప్రకటించినారు. పెద్దవారి శరీరంలో రోజుకు సుమారు 20 వేల కోట్ల ఎర్రకణాలు కొత్తగా తయారవుతాయి. ఇంత ఉత్పత్తికి మూలుగకు కావలసిన ఆహారమేమిటి? ఈ ప్రశ్నతో ఒక తెలుగువాని జీవితం పెనవేసుకొని ఉన్నది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించినారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధితో మరణించినారు. ఈ వ్యాధిలో తిన్న తిండి ఒంటికి పట్టదు, రక్తం క్షీణిస్తుంది. సుబ్బారావుకు కూడ అది సోకగా, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడినారు. మద్రాసులో వైద్యవిద్య ముగించి, అమెరికాలోని హార్వర్డు చేరి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళినారు.

ఇంతకు ముందే బొంబాయిలో మరొక ఆధారం దొరికినది. అక్కడి గర్భిణీ స్త్రీలలో కనిపించే తీవ్రమైన రక్తహీనత, ఈస్టు సారంతో కుదురుతున్నదని 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు తెలియజేసినారు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుండి ఒక పదార్థాన్ని వేరుచేసి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టినారు. ఇంత తక్కువగా లభించే వస్తువు రోగులకు ఎట్లు చాలును? సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసినది. స్ప్రూ రోగులకు కూడ అది మేలు చేసినది. సోదరులను బలిగొన్న వ్యాధికి ఈ విధంగా మందు లభించినది.

ఫోలిక్ ఆమ్లం ఎట్లు పనిచేస్తుంది? కణం రెండుగా చీలే ముందు దానిలోని డి.ఎన్.ఎ. రెట్టింపు కావలెను. అందుకు ఈ ఆమ్లం అవసరం. ఎడతెగక చీలే మూలుగ కణాలకు ఇది లోపిస్తే, అవి పక్వం కాక పెద్దవిగా ఉబ్బిపోతాయి.

ల్యూకీమియాలో దీనికి విరుద్ధంగా తెల్లకణాలు అదుపు తప్పి పెరుగుతాయి. అయితే వాటికి ఆ ఆహారాన్ని అందకుండ చేయరాదా? సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అమినాప్టెరిన్‌ను తయారుచేసినది. అది తాళంలో దూరుతుంది గాని తిరగని చెవి వంటిది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందికి తాత్కాలికంగా గుణమిచ్చినదని 1948 జూన్‌లో ప్రకటించినారు. అదే ఆగస్టులో సుబ్బారావు మరణించినారు.

అదే జాతికి చెందిన మెథోట్రెక్సేట్ మరొక మార్గాన కూడ ఉపకరించినది. డోనల్ థామస్ 1957 నుండి ప్రచురించిన మూలుగ మార్పిడి చికిత్సలో, దాత కణాలు రోగి శరీరంపై తిరగబడకుండ ఆపుటకు దానిని వాడినారు. థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి లభించినది. 1961లో టొరంటోలో టిల్, మెకల్లక్ ఎలుకలపై చేసిన ప్రయోగాలు మూలుగలో రక్తకణాలకు తల్లివంటి మూలకణాలున్నవని చూపినవి. మూలుగలోని వేరొక జాతి కణాల నుండి ఎముక, మృదులాస్థి, కొవ్వు కణజాలాలు కూడ ఏర్పడగలవు.

మరి గుండె, మెదడు కణాల మాటేమి? మూలుగ కణాలు ఎలుక గుండెను బాగుచేసినవని 2001లో ఒక వార్త వచ్చినది. 2004లో రెండు బృందాలు పరీక్షించి చూడగా, అవి గుండె కండరంగా మారలేదు. మూలుగ కణాల నుండి దాదాపు అన్ని కణజాలాలు పుట్టగలవని 2002లో వెలువడిన ప్రసిద్ధ వ్యాసాన్ని 2024లో ఉపసంహరించినారు.

మూలుగ శక్తి అద్భుతమే. అయినను దానికి హద్దులున్నవి. రెండింటినీ తెలిపినది ఊహ గాక, పరీక్షయే. ఫార్బర్ ప్రకటనలోని “తాత్కాలికంగా” అన్న ఒక్క మాటను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. ఆశను పెంచి, నిజాన్ని దాచని మాట అది. పిల్లల ల్యూకీమియాలో నేడు అత్యధికులు కోలుకొనుటకు తొలి మెట్టు అక్కడనే పడినది.